మొక్కుకోని నాయనమ్మ

మా నాయనమ్మ పోయి పదేళ్ళు దాటింది. ఆమె పేరెత్తితే మా ఊళ్ళో ఇప్పటికీ ముందుగా వచ్చే మాట, పూజ తప్పని మనిషి అని. అది నిజమే. జ్వరం ఒళ్ళు కాల్చేస్తున్నా చన్నీళ్ళ స్నానం చేసి దీపం పెట్టేది. ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టకుండానే నలుగురు కూలీలతో సమానంగా కలుపు తీసేది. అయితే నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆమె ఏ దేవుడికీ ఒక్క మొక్కు మొక్కుకోవడం చూడలేదు. నాకు పదో తరగతి పరీక్షలు వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టమని మా అమ్మ అడిగితే, "కాయ కొడతాను గాని, వాడి మార్కుల మాట నేను ఎత్తను" అంది. ఇంత భక్తి గల మనిషి దేవుణ్ణి ఏమీ అడగదేమిటని అప్పట్లో నాకు వింతగా ఉండేది.

ఆమె పద్నాలుగో ఏట దివిసీమకు కోడలిగా వచ్చింది. మా తాతకు ఉన్నది మూడెకరాల మాగాణి. పులిగడ్డ దగ్గర అక్విడెక్టు మీదుగా కృష్ణ పాయను దాటి వచ్చే కాలువ నీళ్ళే ఆ భూమికి ఆధారం కాబట్టి, ఏటా ఏరువాక సమయంలో కాలువలో కొత్తనీరు కనపడగానే ఆమె గట్టు మీదికి వెళ్ళి పసుపు కుంకుమలు వేసి, నీళ్ళు నెత్తిన చల్లుకుని వచ్చేది. పూజ అక్కడితో అయిపోయినట్టు కాదు; అటు నుంచి అటే నారుమడి గట్లు చూసుకుని, ఎక్కడ గండి పడిందో తాతకు చెప్పి మరీ ఇంటికి వచ్చేది. ఆమెకు ఏది పూజో ఏది పనో విడదీసి చూపడం నాకు ఈనాటికీ చేతకాదు.

ధనుర్మాసం సరిగ్గా కుప్పనూర్పిళ్ళ రోజుల్లోనే వస్తుంది. చదువు రాకపోయినా, గుడిలో విని విని తిరుప్పావై ముప్ఫై పాశురాలూ నోటికి పట్టేసింది. తెల్లవారుజామున మూడింటికి లేచి, చలిలో కళ్ళాపి చల్లి ముగ్గు పెడుతూ ఒక విడత, గుడిలో అందరితో కలిసి ఇంకో విడత చదివి, పొద్దు పొడిచేసరికి కళ్ళంలో ఉండేది. అది తమిళమనీ, తనకు ఒక్క ముక్క అర్థం కాదనీ ఆమెకు చింత లేదు. ఒకసారి మాత్రం అర్చకులు మూడో పాశురానికి అర్థం చెప్పారట: నెలకు మూడు వానలు కురుస్తాయనీ, ఏపుగా ఎదిగిన వరిచేలో చేపలు ఎగురుతాయనీ. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ పాశురాలు పాడిన ఆండాళ్ మీద ఆమెకు ప్రత్యేకమైన గౌరవం ఏర్పడింది. "ఎవరో పెద్దింటి పిల్ల అనుకున్నాను గాని, చేలో దిగిన మనిషేరా" అనేది. చేలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు కాళ్ళ మధ్య చేపపిల్లలు దూకడం తెలిసినవాళ్ళకే ఆ మెచ్చుకోలు అర్థమవుతుంది.

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనకూడదు, 'లాభం' అనాలి. లాభం, రెండు, మూడు అంటూ లెక్క సాగుతుంది. తాత కొలిచేవాడు, ఆమె లెక్క పెట్టేది. బస్తాలూ కాటాలూ వచ్చిన తరువాత కూడా మొదటి బస్తాకు 'లాభం' అని ఆమె గట్టిగా అన్నాకే రెండోది తక్కెడ ఎక్కాలి. ఒక ఏడు దోమపోటుకు పంట సగానికి సగం పోయి, ఆ ధాన్యం కోతకూలికైనా సరిపోదని అందరికీ తెలిసినప్పుడు కూడా ఆమె అదే గొంతుతో 'లాభం' అంది. తాత తల తిప్పుకుని నవ్వాడని మా నాన్న చెబుతాడు.

మొక్కుల సంగతి నాకు తెలియజేసింది కూడా నాన్నే. ఒకప్పుడు ఆమె మొక్కని మొక్కు లేదట. నాన్నకు చిన్నప్పుడు విషజ్వరం తగిలితే తలనీలాలు మొక్కుకుంది. గేదె ఈనకపోతే పొర్లుదండాలు మొక్కుకుంది. ఆమెకు ఒకతే చెల్లెలు. ఆ చెల్లెల్ని సముద్రం ఒడ్డునున్న ఊరికి ఇచ్చారు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆమెకు పిల్లలు కలగకపోతే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకున్నది కూడా మా నాయనమ్మే. ముగ్గురు పిల్లలు పుట్టారు. 1977 కార్తీకంలో నాగులచవితికి ఆ చెల్లెలు పిల్లల్ని తీసుకుని వచ్చి, పుట్టలో పాలు పోసి, రెండు రోజులుంది. ఇంకో నాలుగు రోజులుంటానందట. కోతలు దగ్గర పడ్డాయి. చేలో తడి ఆరకముందే, వరి నిలిచి ఉండగానే మినుములు చల్లాలి. విత్తనాలు చెరిగి బాగుచేసుకోవాలి. "పనులన్నీ నెత్తిన ఉన్నాయే. చల్లడం అయిపోయాక రా, నెల్లాళ్ళుందువు గాని" అని నాయనమ్మ ఆమెను బండెక్కించింది.

నవంబరు 19, శనివారం నాడు ఉప్పెన వచ్చింది. మా ఊరు కాస్త లోపలికి ఉండటం, గుడి మెరక మీద ఉండటం వల్ల మావాళ్ళు ఆ రాత్రి మండపంలో ఒకరినొకరు పట్టుకుని నిలబడి బతికారు. దివిసీమలో ఆ ఒక్క రాత్రికి వేలమంది పోయారు. ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో నాయనమ్మ చెల్లెలు, ఆమె భర్త, ముగ్గురు పిల్లలు, ఒక్కరైనా మిగల్లేదు. ఒక్కరి శవమైనా దొరకలేదు.

ఆ తరువాతి కార్తీక సోమవారాలు కూడా నాయనమ్మ ఉపవాసం ఉంది. దీపానికి నూనె లేకపోతే, పంచిపెట్టిన సహాయం సరుకుల్లోంచి కాస్త తీసి వెలిగించింది. మొక్కుకోవడం మాత్రం మానేసింది. ఎందుకని నేను కాలేజీ రోజుల్లో ఒకసారి సూటిగా అడిగాను. చాలాసేపు బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ కూర్చుని, "ఇచ్చింది ఆయనే అంటే తీసుకుపోయింది కూడా ఆయనే అనాలి నాన్నా. ఆ లెక్క నాకొద్దు. ఆయన పాటికి ఆయన ఉంటాడు, దీపం పాటికి దీపం పెడతాను" అంది. అప్పుడు నేను దాన్ని వైరాగ్యమనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అది దేవుణ్ణి ద్వేషించకుండా ఉండేందుకు ఆమె తనకు తాను కట్టుకున్న గట్టులా తోస్తుంది.

ఆ ఏడు ఉప్పునీళ్ళు నిలిచిన చేలు మళ్ళీ దారికి రావడానికి చాలా కాలం పట్టింది. మంచినీళ్ళు పెట్టడం, ఉప్పు దిగాక నీళ్ళు తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం, ఇదే పని. దాని గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

1990 మే నెల తుఫానుకు నాకు తొమ్మిదేళ్ళు. ఈసారి ముందే హెచ్చరికలు వచ్చాయి. ఊరంతా తుఫాను షెల్టరుకు వెళ్ళాలన్నారు. మా అమ్మ దేవుడి పటాలు మూట కడుతుంటే, నాయనమ్మ విత్తనాల బస్తాను నాన్న భుజానికెత్తింది. దేవుణ్ణి వదిలేసి వడ్లు తెస్తావేమిటని పక్కింటావిడ అడిగితే ఆమె ఇచ్చిన జవాబు మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు: "దేవుడికి ఈత వచ్చమ్మా. విత్తనాలకు రాదు."

2004 పుష్కరాలకు ఆమెను నేనే హంసలదీవి తీసుకువెళ్ళాను. కృష్ణ సముద్రంలో కలిసే ఆ సంగమం దగ్గరికి, ఉప్పెన తరువాత, ఆమె అంతవరకు ఒక్కసారి కూడా రాలేదు. నా చెయ్యి పట్టుకుని నడుము లోతు దిగి మూడు మునకలు వేసింది. తరువాత కొంగుముడి విప్పింది. పసుపు కుంకుమ అనుకున్నాను; గుప్పెడు మినుములు. వాటిని నీళ్ళలోకి వదిలి, సముద్రం వైపు చూస్తూ, పొరుగింటివాళ్ళను కేకేసినంత మామూలుగా అంది.

"చల్లడం అయిపోయిందే. ఇంక రా."

ఒడ్డుకు వచ్చి కొంగు పిండుకుంటూ, తిరుగు బస్సు ఎన్నింటికని అడిగింది.