పాత రికార్డులో రైనియా

అటక సర్దుతుంటే డిగ్రీ నాటి బాటనీ రికార్డు దొరికింది. అందులో రైనియా మేజర్ అనే శిలాజ మొక్క కాండం అడ్డుకోత బొమ్మ. నడిమి చుక్కకు బాణం వేసి "దారువు" (నీటిని మోసే కణజాలం) అని ఎంత నమ్మకంగా రాశానో!

ఆ మొక్క పేరు 1986లోనే మారిందని ఈమధ్యే చదివాను. నీటిని మోసే ఆ కణాల గోడలకు దారుకణాల్లో ఉండే మందపు పట్టీలు లేవని శాస్త్రవేత్త డేవిడ్ ఎడ్వర్డ్స్ గమనించి, దాన్ని అగ్లావోఫైటాన్‌గా వేరుచేశారు. అంటే అది అసలు నాళికా మొక్కే, అంటే నిజమైన దారువున్న మొక్కే, కాదు. దాని చిన్న తోడు రైనియా గ్విన్-వాగానీ మాత్రం నాళికా మొక్కే. దానికీ ఆకుల్లేవు, వేర్లు లేవు. పత్రరంధ్రాలున్న పచ్చటి కాడలు, కొనల్లో సిద్ధబీజాశయాలు (సిద్ధబీజాలుండే సంచులు), అంతే.

స్కాట్లాండ్‌లోని రైనీలో వేడినీటి బుగ్గల సిలికా 40 కోట్ల ఏళ్లుగా ఒక్కో కణం గోడనూ చెక్కుచెదరకుండా దాచింది. ఇందాకటి నుంచీ ఆ బొమ్మనే చూస్తున్నాను.