అరవై ఏళ్లు దాటిన పాత్ర: విలియం రోచ్, కెన్ బార్లో

కడప, ప్రొద్దుటూరు, అనంతపురం వైపు పరిషత్తు నాటకాలు ఆడే పిల్లల్లో చాలామంది చూపు ఇప్పుడు హైదరాబాదు సీరియళ్ల మీద ఉంది. వాళ్లకు గొంతుంది, అభినయం తెలుసు, జనం ముందు బెరుకు లేదు. కానీ రెండు గంటల్లో తెర పడే పాత్రను మోయడం వేరు, ఎప్పుడు తెర పడుతుందో తెలియని పాత్రను మోయడం వేరు. ఈ రెండో విద్యలో అందరికంటే ఎక్కువ కాలం ఉన్న నటుడు ఇంగ్లండులో ఉన్నాడు. పేరు విలియం రోచ్. 1960 డిసెంబరు 9న ‘కొరొనేషన్ స్ట్రీట్’ సీరియల్ మొదటి ఎపిసోడ్‌లో కెన్ బార్లో అనే కాలేజీ కుర్రాడిగా కనిపించాడు. తొంభై ఏళ్లు దాటాక కూడా అదే కెన్ బార్లోగా నటించాడు. సీరియల్ నటన నేర్చుకునేవాళ్లు ముందు చదవాల్సింది ఈయన జీవితమే అని నా గట్టి నమ్మకం.

రోచ్ 1932 ఏప్రిల్ 25న నాటింగ్‌హామ్‌లో పుట్టాడు, ఇల్కెస్టన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి డాక్టరు. చదువు వేల్స్‌లోని రైడల్ స్కూల్లో. తర్వాత సైన్యంలో చేరి రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ దళంలో కెప్టెన్ దాకా ఎదిగాడు, కొంతకాలం గల్ఫ్ ఎడారిలో పనిచేశాడు. ఆ కొలువు వదిలి నటనలోకి వచ్చాడు. సినిమాల్లో చిన్న వేషాలు దొరికాయి. అసలు పని నేర్పింది మాత్రం అక్కడి రెపర్టరీ నాటక కంపెనీలు. ఆ కంపెనీల పద్ధతి ఏమిటంటే, ఒక నాటకం రాత్రిపూట ఆడుతుండగానే పగలు తర్వాతి నాటకం రిహార్సల్ చేయాలి. వారానికో కొత్త పాత్ర. తలలో ఎప్పుడూ రెండు నాటకాల మాటలు నడుస్తుంటాయి.

మనకిది కొత్తేమీ కాదు. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ఒక ఊళ్లో మకాం వేస్తే రాత్రికో నాటకం ఆడేవాళ్లు. ఇవాళ కృష్ణుడైనవాడు రేపు ఇంకో కథలో ఇంకొకడు. మాట త్వరగా పట్టడం, పట్టినదాన్ని మరునాటికి పక్కన పెట్టడం, రెండూ అలవాటు కావాలి. సీరియల్ సెట్లో మొదట పనికొచ్చేది ఈ అలవాటే.

‘కొరొనేషన్ స్ట్రీట్’ను పుట్టించిన రచయిత టోనీ వారెన్. తీసింది మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్. వెదర్‌ఫీల్డ్ అనే కల్పిత ఊళ్లో ఒక కూలీల వీధి, గోడకు గోడ ఆనుకున్న ఇటుక ఇళ్లు, మూల మీద రోవర్స్ రిటర్న్ అనే పబ్బు, అంతే కథాస్థలం. మొదట అనుకున్నది 13 ఎపిసోడ్లు. కెన్ మొదటి సన్నివేశం ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే. యూనివర్సిటీలో చదువుకుంటున్న కొడుకు, కూలి పని చేసుకునే ఇల్లు. బల్ల మీద తల్లి పెట్టిన సాస్ సీసాను, తండ్రి తినే తీరును చూసి కొడుకు మొహం ముడుచుకుంటాడు. తండ్రి అది కనిపెట్టేస్తాడు. పెద్ద మాటలేమీ లేవు. చదువుకున్న కొడుక్కి కన్నవాళ్ల మీద ఉన్న ప్రేమ, వాళ్లను చూసి పడే సిగ్గు, రెండూ ఆ మొహంలో ఉన్నాయి. మన పల్లెల్లో మొదటి తరం డిగ్రీ చదివిన ఏ ఇంట్లోవాళ్లకైనా ఆ సన్నివేశం వివరించక్కర్లేదు. కెన్ ఆ తర్వాత పడిన బాధలన్నిటికీ విత్తనం అక్కడే ఉంది.

ఆ రోజుల్లో పని ఎట్లా నడిచేదో తెలుసుకుంటే ఆ నటుల గట్టిదనం తెలుస్తుంది. వారానికి రెండు ఎపిసోడ్లు. శుక్రవారానిది లైవ్, అంటే నటిస్తుండగానే ఇళ్లలో కనిపించేది. అది ముగియగానే అదే రాత్రి తర్వాతి బుధవారం ఎపిసోడ్‌ను రికార్డు చేసేవాళ్లు. లైవ్ ఆగిపోయాక కూడా చాలాకాలం సన్నివేశాలను వరసగా, దాదాపు ఆపకుండా తీశారు. వీడియో టేపును కోసి అతికించడం అప్పట్లో ఖరీదైన, చిక్కుల పని. మాట తప్పితే పక్కవాడు అందుకుని లాక్కురావాలి, మళ్లీ తీద్దాం అనే మాట లేదు. 1961 నవంబరులో నటుల సంఘం సమ్మెకు దిగినప్పుడు దీర్ఘకాల ఒప్పందం ఉన్నవాళ్లు మాత్రమే పనిలో ఉన్నారు. నెలల తరబడి ఆ వీధిలో కొత్త మొహం కనిపించలేదు. రోచ్ ఒప్పందంలో ఉన్నాడు కాబట్టి కెన్ తెర మీద ఉన్నాడు. రోజు లెక్కన కాల్‌షీట్‌కు పనిచేసే మన నటులు ఆ తేడా గమనించాలి.

తర్వాత వేగం పెరిగింది. 1989లో వారానికి మూడు, 1996లో నాలుగు, 2017కల్లా ఆరు ఎపిసోడ్లు. వేగం పెరిగేకొద్దీ రిహార్సల్ కరిగిపోయింది, వరస చెదిరిపోయింది. ఇప్పుడు ఏ సీరియలైనా ఒక సెట్టులో జరిగే సన్నివేశాలన్నీ ఒకేసారి తీస్తుంది. హాలు సెట్టు వేసిన రోజున నాలుగైదు ఎపిసోడ్ల హాలు సన్నివేశాలు వెళ్లిపోతాయి. పొద్దున కూతురి చావుకు ఏడ్చినవాడు మధ్యాహ్నం అదే కూతురితో నవ్వుతూ కాఫీ తాగాలి, ఎందుకంటే కథలో రెండోది ముందు జరిగింది.

ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. మాటలు మరిచిపోవడం పెద్ద తప్పు కాదు, మన సెట్లలో ప్రాంప్టింగ్, అంటే పక్కనుంచి మాట అందించడం, ఉంటుంది, డబ్బింగ్ ఉంటుంది. అసలు తప్పు పాత్రకు ఆ క్షణానికి ఏమి తెలుసో మరిచిపోవడం. తమ్ముడు మోసం చేశాడని పాత్రకు ఇంకా తెలియదు, నటుడికి మాత్రం నిన్ననే ఆ సీన్ తీసినందువల్ల తెలుసు. తెలియకుండానే కళ్లలో అనుమానం వచ్చేస్తుంది. ఎడిటింగ్‌లో వరసగా పెట్టినప్పుడు ఆ చూపు కథను ముందే బయటపెట్టేస్తుంది. దీనికి మందు ఒక నోటుబుక్కు. సీన్ పేపర్ చేతికి రాగానే ఎపిసోడ్ నంబరు, సీన్ నంబరు రాసుకోవాలి. కథలో అది ఏ రోజు, పొద్దునా రాత్రా రాసుకోవాలి. ఇంతకుముందు నన్ను చివరగా చూసింది ఎక్కడ, ఏ మానసిక స్థితిలో, ఒంటి మీద ఏ బట్టలు, ఏ దెబ్బ, ఎటువైపు కట్టు అనేవి రాయాలి. చివరగా ఒక గీత గీసి, ఈ క్షణానికి నాకు తెలిసినవి ఒకవైపు, తెలియనివి ఇంకోవైపు. ఆ రెండో వైపే ముఖ్యం. అసిస్టెంట్ డైరెక్టర్ ఫోనులో బట్టల ఫొటో తీసుకుంటాడు, సీనుకూ సీనుకూ పొంతన చెడకుండా కంటిన్యుటీ కాగితం రాసుకుంటాడు, కానీ మనసు కంటిన్యుటీ రాసేవాళ్లు ఎవరూ ఉండరు. అది నటుడి పనే.

కెన్ బార్లో జ్ఞాపకాల బరువు ఎంతటిదో చూడండి. తల్లి 1961లోనే బస్సు కింద పడి పోయింది. మొదటి భార్య వాలెరీ 1971లో ప్లగ్గు చెడిపోయిన హెయిర్ డ్రయ్యర్ వల్ల కరెంటు షాకు కొట్టి పోయింది. ఆ పాత్ర వేసిన ఆన్ రీడ్ సీరియల్ వదిలి వెళ్లాలనుకుంది, అందుకని రచయితలకు ఆ చావు అవసరమైంది. కవల పిల్లలు పీటర్, సూసన్‌లను స్కాట్లాండులో అమ్మమ్మ తాతల దగ్గరకు పంపేశారు. అట్లా పంపితే చిన్నపిల్లలతో రోజూ షూటింగ్ చేయాల్సిన కష్టం తప్పుతుంది, కావాలనుకున్నప్పుడు పిల్లలు పెద్దవాళ్లై తిరిగి రావచ్చు. మన సీరియళ్లు ఇట్లాంటి చోట ఇరవై ఏళ్ల తర్వాత అని ఒక కార్డు వేసి దూకేస్తాయి. కెన్‌కు ఆ సౌకర్యం లేదు. అక్కడ కథాకాలం బయటి కాలంతోపాటే నడుస్తుంది, నటుడి జుట్టు నెరిస్తే పాత్ర జుట్టూ నెరుస్తుంది. రెండో భార్య జానెట్ 1977లో పోయింది. మూడోది డీడ్రీ, 1981 జూలై 27న పెళ్లి, అక్కడి యువరాజు చార్లెస్, డయానాల పెళ్లికి సరిగ్గా రెండు రోజుల ముందు.

పిల్లల సంగతిలో ఒక ముచ్చట ఉంది. 1970లలో చిన్న పీటర్ వేషం వేసింది రోచ్ సొంత కొడుకు లైనస్. తర్వాత ఆ పాత్రకు నటులు మారారు, 2000 నుంచి క్రిస్ గాస్కోయిన్ వేశాడు. లైనస్ రోచ్ పెద్ద నటుడయ్యాక 2010లో మళ్లీ అదే సీరియల్లోకి కెన్‌కు తెలియని ఇంకో కొడుకుగా వచ్చాడు. అతని కొడుకు వేషం వేసింది విలియం రోచ్ చిన్న కొడుకు జేమ్స్. అంటే ఇంట్లో అన్నదమ్ములు, తెర మీద తండ్రీకొడుకులు. సురభి కుటుంబాల్లో తండ్రీకొడుకులు, అన్నదమ్ములు ఏ నాటకంలో ఏ వరసైనా కలుపుకుని ఆడడం చూసినవాళ్లకు ఇది ఇంటి సంగతిలాగే అనిపిస్తుంది.

కెన్ పాత్ర గొప్పతనం ఏమిటంటే అది ఎక్కువగా వినే పాత్ర. మాస్టరు పని, పత్రిక ఎడిటరు పని చేసిన నెమ్మదస్తుడు. గొడవలు చుట్టుపక్కలవాళ్లవి, రియాక్షన్ ఇతనిది. ఇటువంటి పాత్ర ఇంటికి దూలం వంటిది, రంగులు గోడలకు వేస్తారు, బరువు ఇది మోస్తుంది. 1983లో డీడ్రీ మైక్ బాల్డ్విన్ అనేవాడికి దగ్గరైనప్పుడు ఇరవై రెండేళ్ల ఆ నెమ్మది ఒక్కసారిగా పగిలింది. గుమ్మంలో నిలబడ్డ మైక్ మొహాన తలుపు వేసి కెన్ అరిచిన అరుపు దేశాన్ని కదిలించింది. డీడ్రీ భర్త దగ్గరే ఉండిపోయిన రాత్రి, ఓల్డ్ ట్రాఫర్డ్ ఫుట్‌బాల్ మైదానం స్కోరుబోర్డు మీద కెన్ 1, మైక్ 0 అని చూపించారు. రోజూ అరిచే పాత్ర అరిస్తే ఎవరూ స్కోరుబోర్డు మీద వేయరు. మన సీరియళ్లలో ప్రతి ఎపిసోడ్‌కూ మూడు అరుపులు, ప్రతి అరుపుకూ మూడు క్లోజప్‌లు. నటుడి చేతిలో ఉన్న పెద్ద డబ్బును చిల్లర చేయించేది ఆ పద్ధతే.

ఆ నెమ్మదే ఆయనకు కోర్టు ఖర్చు కూడా తెచ్చింది. ‘ది సన్’ పత్రిక రోచ్‌ను, కెన్‌ను కలిపి విసుగు పుట్టించే మనిషి అన్న ధోరణిలో రాసింది. ఆయన పరువు నష్టం దావా వేశాడు. 1991లో జూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల బృందం, ఆయన పక్షాన 50,000 పౌండ్లు ఇమ్మంది. గెలిచాడు, కానీ నష్టపోయాడు. అక్కడి నియమం ప్రకారం ప్రతివాది విచారణకు ముందే కొంత సొమ్ము కోర్టులో జమ చేయవచ్చు. ఆ సంగతి జూరీకి చెప్పరు. వాది ఆ సొమ్ము తీసుకుంటే కేసు ముగుస్తుంది. తీసుకోకుండా ముందుకు పోయి, జూరీ అంతకంటే ఎక్కువ ఇవ్వకపోతే, జమ చేసిన తర్వాతి ఖర్చులు వాది నెత్తిన పడతాయి. పత్రిక జమ చేసింది కూడా సరిగ్గా 50,000 పౌండ్లే. ఖర్చుల విషయంలో అప్పీలు కోర్టు పత్రిక పక్షాన తీర్పిచ్చింది. ఆయన తన లాయర్ల మీద వేసిన దావా కూడా నిలవలేదు. 1999లో దివాలా తీశాడు. నటుడికీ పాత్రకూ మధ్య గీత చెరిగిపోవడం ఎంత ఖరీదైన వ్యవహారమో ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు కనిపించదు. ఆ ఏళ్లన్నిటా ఆయన షూటింగ్ మానలేదు. 2010లో గిన్నిస్ వాళ్లు ప్రపంచంలో అత్యధిక కాలం ఒకే సీరియల్లో నటించిన వ్యక్తిగా గుర్తించారు. ఆ డిసెంబరు 9న యాభై ఏళ్ల పండుగకు గంటసేపు లైవ్ ఎపిసోడ్ చేశారు. 1960 నాటి మొదటి లైవ్‌లో ఉన్నవాళ్లలో మిగిలింది రోచ్ ఒక్కడే.

అన్నిటికంటే కష్టమైన పరీక్ష 2015లో వచ్చింది. నలభై ఏళ్లకు పైగా డీడ్రీగా నటించిన ఆన్ కిర్క్‌బ్రైడ్ ఆ జనవరిలో చనిపోయింది. అప్పటికి కథలో డీడ్రీ స్నేహితురాలి ఇంటికి వెళ్లి ఉంది. రచయితలు తొందరపడలేదు. ఆమె ఊళ్లో లేదనే కథను కొన్ని నెలలు నడిపి, జూలైలో డీడ్రీ తిరిగి రావాల్సిన రోజున, స్వాగతానికి ఇల్లు సిద్ధమవుతుండగా చావు కబురు తెచ్చారు. నిజంగా పోయిన మనిషి కోసం, ఆమె పాత్ర పేరు పెట్టి, కెమెరా ముందు ఏడవాలి. ఎనభై మూడేళ్ల రోచ్ ఏడుపును మింగేసి ఆడాడు. కబురు విన్న మనిషి ముందు నమ్మడు, తర్వాత ఏం చేయాలో తోచక చేతులు వెతుక్కుంటాడు.

ఆయన పని చూసి నేర్చుకోదలచినవాళ్లు 1960 మొదటి ఎపిసోడ్, 1983 తలుపు సన్నివేశం, 2015 జూలై ఎపిసోడ్లు ఈ వరసలోనే చూడాలి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి శబ్దం తీసేసి, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆయన మొహాన్ని మాత్రమే చూడండి. మూడోసారి చేతుల్ని చూడండి, కప్పు ఎప్పుడు ఎత్తాడు, ఎక్కడ ఆపాడు, ఎప్పుడు దించాడు రాసుకోండి. ఇంగ్లీషు యాస అర్థం కాకపోయినా ఈ పనికి అడ్డం కాదు.