అమ్మమ్మ కన్ను, నా టిక్కు

కళ్ల డాక్టర్ దగ్గర పిల్లదాని ఫారం నింపుతూ, ‘కుటుంబంలో ఎవరికైనా గ్లకోమా (నీటికాసులు) ఉందా’ అన్నచోట అలవాటుగా ‘లేదు’ అని టిక్కు పెట్టేశాను. మా 14 ఏళ్లది పక్కనుంచి తొంగి చూసి, “అదేంటమ్మా, అమ్మమ్మకి ఒక కన్ను పోయింది దానివల్లేగా? అబద్ధం ఎందుకు రాస్తున్నావ్?” అంది. అక్కడ కూర్చున్న ఎవరికీ తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

ఎందుకు రాశానో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో జబ్బుల సంగతి గడప దాటేది కాదు, అందులోనూ ఇద్దరు పెళ్లికెదిగిన ఆడపిల్లలున్న ఇల్లు, ‘వాళ్ల వంశంలో ఉందట’ అన్న మాట పడితే ఇంకేమన్నా ఉందా. నా పెళ్లై 18 ఏళ్లు, దేశం కూడా మారింది, చెయ్యి మాత్రం ఇంకా సంబంధాలు చూసే రోజుల్లోనే ఉంది.

అమ్మకి వచ్చింది కోణం మూసుకుపోయే రకం నీటికాసులు. కంట్లో ఊరే నీరు కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాకీ, దాని వెనకుండే రంగు భాగం ఐరిస్‌కీ మధ్య ఉన్న మూలలోంచి బయటికి పోవాలి, ఆ మూల ఇరుకైనవాళ్లకి ఒక్కోసారి ఉన్నట్టుండి మూసుకుపోయి కంట్లో ఒత్తిడి పెరిగిపోతుంది. పిన్ని కొడుకు పెళ్లిలో జలుబు మాత్ర వేసుకుంది (అలాంటి కళ్లకి కొన్ని జలుబు మందులు పడవని తర్వాత తెలిసింది), రాత్రికి సీరియల్ లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది, తర్వాత తలనొప్పి, వాంతులు. పైత్యం అన్నాం అందరం. నిమ్మకాయ నీళ్లు కలిపి ఇచ్చింది నేనే. కన్ను ఎర్రబడితే నిద్ర చాలక అనుకున్నాం. మర్నాడు సాయంత్రం గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

టిక్కు దిద్ది ఇచ్చాను. డాక్టరమ్మ పిల్ల కళ్లు చూసి, ప్లస్ పవర్ ఉంది, ఈ వయసులో నీటికాసుల భయం అక్కర్లేదు అని చెప్పి నావైపు తిరిగింది. “మరి మీరు గోనియోస్కోపీ చేయించుకున్నారా?” చుక్కల మందు వేసి, కంటిమీద చిన్న అద్దం ఆనించి ఆ మూలని చూసే పరీక్ష అది. అక్షరాలు చదివించే పరీక్షలో ఇది బయటపడదు. అద్దాలు పెట్టుకోవే, చీకట్లో ఫోన్ చూడకే అని రోజూ దాని వెంటపడే నేను, 44 ఏళ్లొచ్చినా ఆ పరీక్ష పేరే వినలేదు.

రాత్రంతా చదివాను. ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. సింగపూర్ పరిశోధకులు ముందుండి చేసిన పనిలో 2012లో జన్యువుల్లో దీనికి సంబంధించిన మూడు చోట్లు, 2016లో మరో ఐదు దొరికాయి, ఒక్కోదాని వాటా చిన్నదే. అందుకే రక్తం తీసి ‘నీకొస్తుంది, నీకు రాదు’ అని తేల్చలేరు. ఎక్కువగా దిగేది కంటి తీరు: చిన్న కనుగుడ్డు, ప్లస్ పవర్, లోతు లేని ముందు భాగం. దానికితోడు ఆసియావాళ్లం, ఆడవాళ్లం, 40 దాటినవాళ్లం, కన్నవాళ్లకో తోబుట్టువులకో ఉన్నవాళ్లం. వేళ్లు మడిచి చూసుకుంటే అన్నీ నాకే సరిపోయాయి. అక్కకి ఫోన్ చేస్తే “నాకు బాగానే కనిపిస్తోందే” అంది, అమ్మా అలాగే అనేది.

మూల ఇరుకుందని తేలినా అందరికీ ముందుజాగ్రత్తగా చేసే లేజర్ చికిత్స అక్కర్లేదని 2019లో చైనా పరిశోధన ఒకటి తేల్చింది, చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ కాలేదట. అది చదివి హాయిగా అపాయింట్‌మెంట్ ఒకసారి వాయిదా వేశాను కూడా. పిల్లలకి ఇంటి జబ్బులు చెప్పేయాలి అని రాద్దామని కూర్చున్నాను గానీ, చెప్పడం వల్ల మా పిల్లకి మేలు చేశానో భయం పెట్టానో నాకే తెలియట్లేదు.

నిన్న రాత్రి కార్లో వస్తుంటే వీధి దీపం చూపించి, “అమ్మా, దాని చుట్టూ నీకేమన్నా కనిపిస్తోందా?” అంది.

లేదన్నాను.

“నిజంగానా?”