ఘాట్ రోడ్డులో ముల్లు చెప్పిన అబద్ధం

డిసెంబరులో ఒక తెల్లవారుజామున విశాఖ నుంచి అరకు బయలుదేరాం. నేను, మా ఆవిడ, నాన్న. దారి సుమారు 115 కిలోమీటర్లు. మా పెట్రోలు కారుకి పన్నెండేళ్లు. నెల రోజులుగా ఐడ్లింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం, నిలకడగా ఉండటం లేదు. ఒక గ్యారేజీలో చూపిస్తే ఇంజన్ వేడిని కొలిచే టెంపరేచర్ సెన్సర్ పోయిందని కొత్తది వేశారు. పాతదాన్ని పారేయబుద్ధి కాక డ్యాష్‌బోర్డు అరలో పడేశాను. ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించింది అదే.

ఎస్.కోటలో టిఫినుకి ఆగాం. వేడెక్కిన ఇంజన్ మా కారులో 800 ఆర్పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర కుదురుగా ఉండాలి. కానీ 1400కి ఎగిరి, 900కి జారి, మళ్లీ ఎగురుతోంది. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన. టెంపరేచర్ ముల్లు మాత్రం అడుగునే ఉంది. చలికాలం కదా, ఇంజన్ చల్లగానే ఉందిలే అనుకుని ఘాట్ ఎక్కేశాను. అక్కడే తప్పు చేశాను.

టైడా దాటాక మంచు దట్టంగా పట్టింది. మా ఆవిడ చలికి తట్టుకోలేక హీటర్ వేసింది. గుప్పున వేడిగాలి కొట్టింది.

"ఒరేయ్, ముల్లేమో చల్లగా ఉందంటోంది, గాలేమో కాలిపోతోంది. ఏది నమ్ముతావురా?" అన్నారు నాన్న.

గుండె ఝల్లుమంది. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ తెరుచుకునే ఇరుక్కుపోయి ఇంజన్ నిజంగానే చల్లగా ఉంటే హీటర్ అంత వేడిగా రాదు. అంటే ముల్లు చెప్పేది అబద్ధం. పక్కకి ఆపి బానెట్ ఎత్తాను. లోపల సెగలు కక్కుతోంది, రేడియేటర్ ఫ్యాన్ మాత్రం తిరగడం లేదు. అలాంటప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకూడదు, మరిగే కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది. ముప్పావుగంట ఆగి, డబ్బాలో కూలెంట్ మట్టం సరిగా ఉందని చూసుకుని, హీటర్ ఫుల్లుగా పెట్టి మెల్లగా అనంతగిరి చేరాం. ఇంజన్ వేడిని కొంతైనా హీటర్ బయటికి లాగుతుంది.

టీ కొట్టాయన ఫోన్ చేస్తే బైకు మీద ఒక మెకానిక్ వచ్చాడు. కుర్రాడే. అంతా విని, "పాత సెన్సర్ ఉందేటి బాబూ?" అన్నాడు. ఇచ్చాను. మల్టీమీటర్ పెడితే ఆ చలిలో దాని రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) సుమారు 3000 ఓమ్‌లు చూపించింది. టీ కొట్టులో మరుగుతున్న నీళ్లు గ్లాసులో పోయించి దాని కొనని ముంచాడు. చూస్తుండగానే అంకె పడిపోతూ 300 లోపుకి వచ్చింది.

"ఇది బాగానే ఉంది బాబూ. తప్పు వైరులో ఉంటాది."

ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. కనెక్టర్‌లో చిలుము పడితే ఆ రెసిస్టెన్స్ కూడా కలిసి, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుంటుంది. అందుకే పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఐడ్లింగ్ పెంచుతుంది, ఫ్యాన్ వేయదు. మా కారులో మీటరు ముల్లు కూడా ఆ సెన్సర్ లెక్కనే చూపిస్తుంది.

ఇంజన్ ఆన్‌లో ఉంచి అతను వైరుని మెల్లగా కదిపాడు. కదిపినప్పుడల్లా ఇంజన్ చప్పుడు మారింది! కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. గీకి శుభ్రం చేసి, వదులైన క్లిప్పుని బిగించాడు. సెన్సర్ మార్చే ముందు ఈ రెండు నిమిషాల పని ఎవరైనా చేసి ఉంటే మేము నాన్నని తీసుకుని ఆ మలుపుల్లో అలా నిలబడే వాళ్లం కాదు.

గాలికొండ దగ్గర ఇంజన్ ఆపకుండా కాసేపు నిలబెట్టాను. ముల్లు మధ్యకి వచ్చి ఆగింది. ఫ్యాన్ గిర్రున తిరిగి, కొంతసేపటికి ఆగింది. "ఇప్పుడు పద" అన్నారు నాన్న.

ఏసీ వేస్తే ఆర్పీఎం 500కి పడిపోవడం మాత్రం పోలేదు. అది వేరే జబ్బు. విశాఖ వచ్చాక ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ విప్పించి చూస్తే అంచుల్లో నల్లగా మసి పేరుకుని ఉంది. దాన్ని శుభ్రం చేయించాక ఏసీలో కూడా 800 దగ్గర కదలకుండా నిలుస్తోంది.