హెచ్‌పీవీ 16లోని శాఖలు, నల్లగొండలో చేతికొచ్చే రిపోర్టు

హెచ్‌పీవీ అంటే గర్భసంచి మూతి క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్. దాని డీఎన్‌ఏ పరీక్ష రిపోర్టులో చాలాసార్లు మూడు వరుసలే ఉంటాయి: 16, 18, ఇతర హై రిస్క్ (ముప్పు ఎక్కువున్న) రకాలు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో నమూనా ఇచ్చి ఆ కాగితం పట్టుకొని ఫోన్‌లో వెతికితే ‘ఆఫ్రికా స్ట్రెయిన్’, ‘ఆసియా స్ట్రెయిన్’ అంటూ ఏవేవో కనబడి గుండె గుభేలుమంటుంది. ఆ తేడాలు నిజమే. అయితే అవి ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో తెలియాలి.

ఈ వైరస్ డీఎన్‌ఏ మొత్తం సుమారు 7,900 అక్షరాలు. పై తొడుగును తయారుచేసే ఎల్1 జన్యువులో 10 శాతానికి మించి తేడా ఉంటే దాన్ని వేరే రకంగా లెక్కిస్తారు. ఒకే రకంలో, మొత్తం డీఎన్‌ఏలో 1 శాతం దాటి తేడా వస్తే అది శాఖ; ఫోన్‌లో ‘స్ట్రెయిన్’ అని కనబడేది ఇదే. 16వ రకానికి ‘ఎ’, ‘బి’, ‘సి’, ‘డి’ అని నాలుగు శాఖలున్నాయి. ‘బి’, ‘సి’ ఆఫ్రికాలో ఎక్కువ. ‘ఎ’లోని ఉపశాఖ ‘ఎ4’ తూర్పు ఆసియాది. మన దేశంలో ఎక్కువగా దొరికేది ‘ఎ’ శాఖే.

‘డి2’, ‘డి3’, ‘ఎ4’ ఉపశాఖలకు గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా అనే క్యాన్సర్‌తో గట్టి సంబంధం కనబడింది. ఆ గడ్డ గర్భసంచి మూతి లోపలి కాలువలో పెరుగుతుంది కాబట్టి పైపైన చూస్తే దొరకదు. ఇక మన దేశపు నమూనాల్లో తరచూ కనిపించే ఒక మార్పుంది: వైరస్‌లోని ఇ6 జన్యువులో, 350వ స్థానంలో ‘టి’ అక్షరం పోయి ‘జి’ రావడం. ఇదే మార్పు ఇటలీలో ఒక తీరుగా, స్వీడన్‌లో ఇంకో తీరుగా ముప్పు చూపింది. మనిషి రోగనిరోధక జన్యువులు వేరైతే ఫలితమూ మారుతుంది. అందుకే పరాయి దేశపు అంకె తెచ్చి దేవరకొండ ఆడమనిషికి అంటించడం తప్పు.

శాఖ ఏదో తేల్చుకోవడానికి డబ్బు పెట్టొద్దు, దాన్నిబట్టి చికిత్స మారదు. 16 గానీ 18 గానీ పాజిటివ్ వస్తే కాల్పోస్కోపీకి (గర్భసంచి మూతిని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకు) వెళ్లాలి, అంతే. టీకా కూడా అన్ని శాఖల మీదా పనిచేస్తుంది, ఎందుకంటే ఎల్1 తొడుగు వాటిలో పెద్దగా మారదు. మన దేశంలో తయారయ్యే సెర్వావ్యాక్ టీకా 6, 11, 16, 18 రకాలకు. కంపెనీ షెడ్యూలు ప్రకారం 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 ఏళ్లు నిండితే మూడు. అప్పటికే ఒంట్లో ఉన్న వైరస్‌ను టీకా తీసేయలేదు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. ఫ్రీజర్‌లో గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణం ముద్దకట్టి మందు పాడవుతుంది, పారేయాల్సిందే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసే వీఐఏ పరీక్షలో, అంటే గర్భసంచి మూతిని కంటితో చూసే పరీక్షలో, 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషమన్నా ఆగాలి. తొందరపడితే తెల్లమచ్చ తేలకముందే ‘నార్మల్’ అని రాసేస్తారు. ముట్టు ఆగినవాళ్లలో చూడాల్సిన అంచు లోపలికి జరిగిపోతుంది కాబట్టి వాళ్లకు డీఎన్‌ఏ పరీక్షే నయం. గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జి కాగితం తీసి చూడండి. మూతి ఉంచేసి పైభాగం మాత్రమే తీసి ఉంటే వాళ్లకూ ఈ పరీక్ష అవసరమే.