సగం తీర్చిన ఇంటప్పు

ఆఫీసులో లేఆఫ్‌ల గుసగుసలు మొదలైనప్పుడల్లా అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది: దాచుకున్న సొమ్మంతా ఇంటప్పుకు కట్టేద్దామా, చేతిలోనే ఉంచుకుందామా? అప్పు లేనివాడే అధిక సంపన్నుడని వింటూ పెరిగినవాళ్లం కాబట్టి మన మనసు మొదటి దారికే మొగ్గుతుంది. నా అభిప్రాయం వేరు. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవారు మొత్తం అప్పు తీర్చగలిగితేనే తీర్చాలి; సగం మాత్రమే తీర్చగల స్తోమత ఉన్నప్పుడు ఆ డబ్బు జోలికి పోకపోవడమే మేలు.

6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల గడువుతో 4,00,000 డాలర్లు తీసుకుంటే, అసలూ వడ్డీ కలిపి నెలకు సుమారు 2,528 డాలర్ల వాయిదా పడుతుంది. మొదటి నెలలో అందులో 2,167 డాలర్లు వడ్డీకే పోయి, అసలు 361 డాలర్లు మాత్రమే తరుగుతుంది. ఈ లెక్క చూసి కడుపు మండి, ఒక లక్ష డాలర్లు ఒకేసారి అసలుకు జమ చేశారనుకుందాం. గడువు ఏళ్ల కొద్దీ తగ్గుతుంది, వడ్డీ బాగా మిగులుతుంది. వచ్చే నెల కట్టాల్సిన వాయిదా మాత్రం అదే 2,528 డాలర్లు. నిరుడు లక్ష కట్టాను కదా అని ఉద్యోగం పోయిన నెలలో వాయిదా ఎగ్గొట్టడానికి వీలుండదు. రీకాస్ట్ చేయించుకుంటే, అంటే మిగిలిన అసలుకు అదే వడ్డీతో, అదే గడువుకు వాయిదాను తిరిగి లెక్క కట్టించుకుంటే, అది 1,900 డాలర్ల దగ్గరకు దిగుతుంది. ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ అప్పులకు సాధారణంగా ఆ వెసులుబాటు లేదు. మిగిలినవాటిలోనూ మనం అడిగితేగాని ఎవరూ చెప్పరు.

గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉన్నవారికి ఇదంతా చాలావరకు వడ్డీ లెక్క. హెచ్-1బి మీద ఉన్న మనకు రోజుల లెక్క కూడా ఉంది. 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు తీరేవరకు, ఏది ముందైతే అంతవరకే దేశంలో ఉండవచ్చు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా మరో హోదాకు దరఖాస్తు పెట్టాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఇల్లు అమ్ముదామన్నా బేరం కుదిరాక క్లోజింగ్‌కే, అంటే పత్రాలు, డబ్బు చేతులు మారడానికే, నెల దాకా పడుతుంది. ఆ రోజుల్లో లాయరు ఫీజుకు, వాయిదాకు, ఉద్యోగం పోయాక పాత కంపెనీ బీమానే సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రా ఆరోగ్య బీమా ప్రీమియంకు నగదే కావాలి.

ఇద్దరం సంపాదిస్తున్నామనే ధీమా కూడా చాలా ఇళ్లలో నిలిచేది కాదు. 2015 నుంచి హెచ్-4 వీసా మీద ఉన్న జీవిత భాగస్వాముల్లో కొందరికి పని అనుమతి దొరుకుతోంది గాని, అది భాగస్వామి హెచ్-1బి హోదాను పట్టుకుని ఉన్నది. ఆ హెచ్-1బి భాగస్వామికి గడువులోగా మరో ఉద్యోగం దొరక్కపోతే రెండో జీతమూ ఆగిపోతుంది. రెండు జీతాలూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయన్నమాట.

అవసరమైతే ఇంటి మీదే మళ్లీ తీసుకుంటాంలే అనేవారున్నారు. హీలాక్, అంటే ఇంటి విలువ హామీగా కావాల్సినప్పుడు వాడుకునే అప్పు పరిమితి, ఇచ్చే ముందు బ్యాంకు జీతం రసీదులు (పే స్టబ్‌లు) అడుగుతుంది కాబట్టి, ఉద్యోగం ఉండగానే దాన్ని తెరిచిపెట్టుకోవాలి. తెరిచినా పూర్తి భరోసా లేదు. 2008 సంక్షోభంలో చాలా బ్యాంకులు వాడని హీలాక్‌లను స్తంభింపజేశాయి, పరిమితులు తగ్గించాయి.

ఇంటప్పులను బ్యాంకుల నుంచి కొనే ఫ్రెడ్డీ మాక్ సంస్థ లెక్కల్లో 30 ఏళ్ల స్థిర వడ్డీ సగటు 2021 జనవరిలో 2.65 శాతానికి పడిపోయి, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎగబాకింది. తక్కువ వడ్డీకి తీసుకున్నవారు తొందరపడి తీర్చడంలో నాకు అర్థం కనిపించదు. 2023 చివర్లో ఎప్పుడంటే అప్పుడు డబ్బు తీసుకోగల మనీ మార్కెట్ ఫండ్లే 5 శాతం దాకా ఇచ్చాయి. 7 శాతానికి తీసుకున్నవారిని ఆగమనడం కష్టమే, అయినా ఆగమనే అంటాను. అదనంగా కట్టాలనుకున్న సొమ్మును నెలనెలా వేరే ఖాతాలో వేస్తూ పోయి, అది మిగిలిన అప్పును మించి, పైన ఏడాది ఖర్చులకు కూడా సరిపోయే స్థితికి వచ్చాక ఒక్కసారిగా తీర్చేయాలి. మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు. రాత్రి నిద్ర పట్టడం కూడా లాభమే కదా అంటుంది నా భార్య; దానికి నా లెక్కల్లో జవాబు లేదు.

పూర్తిగా తీర్చిన ఇంటి విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. దేశం విడిచి వెళ్లాల్సి వచ్చినా దాన్ని అద్దెకిచ్చి, మంచి ధర వచ్చినప్పుడు తీరిగ్గా అమ్ముకోవచ్చు. కాకపోతే ప్రాపర్టీ టాక్స్, బీమా, ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) రుసుము ఎప్పటికీ ఉంటాయి. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సాస్‌లో ప్రాపర్టీ టాక్సే ఏటా వేల డాలర్లు అవుతుంది. అంతకాలం వాయిదాతో పాటు మన దగ్గర తీసుకుని పక్కన పెట్టే ఎస్క్రో ఖాతా నుంచి బ్యాంకే కట్టిన బిల్లులు ఇక నేరుగా మనమే కట్టుకోవాలి. తాకట్టు విడుదల పత్రం కౌంటీ రికార్డుల్లోకి ఎక్కిందో లేదో చూసుకుని, బీమా పాలసీలోంచి బ్యాంకు పేరు తీయించి, ఎస్క్రోలో మిగిలిన సొమ్ము చేతికి వచ్చేదాకా వెంటపడాలి.