లింకు డాక్యుమెంట్లు

ఏప్రిల్ వచ్చిందంటే, అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని మా ఊరి బళ్ళలో ఇదే హడావుడి. ఇవాళ చిన్నోడి సంచీలో ఉత్తరం దొరికింది. వచ్చే వారం 'ల్యాండ్ రన్ డే' అట, 1889లో జనం భూమి కోసం పరుగెత్తిన రోజుని పిల్లలతో ఆడించడం. మగపిల్లలకి గళ్ళ చొక్కా, టోపీ. ఆడపిల్లలకి పొడుగు గౌను, తలకి బానెట్. ఎర్ర తోపుడు బండికి తెల్లగుడ్డ కప్పి గూడుబండి తయారు చెయ్యాలి. పేరు రాసిన జెండా ఒకటి. ఈల ఊదగానే పిల్లలంతా మైదానంలోకి పరుగెత్తాలి, ఎవరు ఎక్కడ జెండా పాతితే ఆ ముక్క వాళ్ళది.

బండీ టోపీ సంగతి సరే. దానితో పాటు ఇచ్చిన కాగితంలో, 1889లో ఇక్కడ ఎవరికీ చెందని భూమి ఉండేదనీ, ప్రభుత్వం దాన్ని జనానికి ఉచితంగా పంచిందనీ రాశారు. అన్నం వడ్డిస్తున్నా అదే, గిన్నెలు కడుగుతున్నా అదే. ఎవరికీ చెందని భూమా?

మా ఆయనకి చూపిస్తే "మూడో తరగతి పిల్లాడు, ఆడుకోనీ. నువ్వు మళ్ళీ మొదలెట్టకు" అన్నారు. మళ్ళీ ఏమిటి? పెద్దదాని టైములో కిక్కురుమనకుండా కూర్చుని బానెట్ కుట్టిచ్చాను కదా! అది గుర్తొచ్చి ఇంకా మండింది.

ఈ ఇల్లు కొన్నప్పుడు నాన్న ఇక్కడే ఉన్నారు. రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద కూర్చుని జీవితమంతా దస్తావేజులు రాసిన మనిషి. ఓక్లహోమాలో ఇల్లు కొంటే అబ్‌స్ట్రాక్ట్ అని ఒక కట్ట ఉంటుంది. ఆ నేల ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో మొదటి నుంచీ అందులో ఉంటుంది. మాది నాలుగు వేళ్ళ మందం. నాన్న దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, వెనక పేజీ నుంచి ముందుకి చదువుతూ వచ్చారు. ప్లాట్లు వేసినవాడి లేఔటు, బ్యాంకు తనఖా, ఎవరిదో విడాకుల తీర్పు, ఆయిల్ లీజు, తండ్రి పోతే పిల్లల పంపకాలు. మధ్యలో కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు. "మన దగ్గర ముప్పై ఏళ్ళ ఈసీ తీయించాలంటేనే చెప్పులరిగిపోతాయి. వీళ్ళు నూరేళ్ళ పైది కుట్టి చేతిలో పెట్టారే!" అని మురిసిపోయారు. అలా మొదటి పేజీకి వచ్చారు. అమెరికా ప్రభుత్వం ఒక రైతుకి 160 ఎకరాలకి ఇచ్చిన పట్టా. పేజీ తిప్పి అటూ ఇటూ చూశారు. "మరి ప్రభుత్వానికి ఎవరు రాసిచ్చారమ్మా? ఆ లింకు డాక్యుమెంటు ఏదీ?" అన్నారు.

ఇక్కడ అక్కడి దాకా చాలంటారు నాన్నా, అన్నాను. ఆయనకి నచ్చలేదు.

నాన్న అడిగిన ఆ కాగితం ఉంది. ఒకప్పుడు ఒసేజీలనే ఆదివాసీ తెగ వేటాడిన ప్రాంతం ఇది. 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ చట్టం తెచ్చి, అలబామా, జార్జియాల నుంచి క్రీకులనే ఇంకో తెగని, ఫ్లోరిడా నుంచి సెమినోల్‌లని తరిమి ఇటు తోలారు. ఈ నేల ఇక మీదేనని మాటిచ్చారు. అమెరికా అంతర్యుద్ధంలో ఈ తెగలు దక్షిణాది రాష్ట్రాలతో ఒప్పందం చేసుకున్నాయన్న నెపంతో 1866లో కొత్త ఒప్పందాలు రాయించి, క్రీకుల దగ్గర పడమటి సగం, సెమినోల్‌ల దగ్గర మొత్తం తీసేసుకున్నారు. అందులో ఇంకే తెగకీ కేటాయించకుండా వదిలిన సుమారు 20 లక్షల ఎకరాల్లోకే 1889 ఏప్రిల్ 22న మిట్టమధ్యాహ్నం యాభై వేల మంది పరుగెత్తారు. పొద్దుగూకేసరికి గత్రీలో, ఓక్లహోమా సిటీలో వేలకి వేల గుడారాలు. సరిగ్గా ఆ తరవాతి నెలలో, ఇక్కడికి తూర్పున టాలెక్వాలో చెరకీ తెగవాళ్ళు తమ ఆడపిల్లల చదువుకి కట్టిన ఇటుకల భవనాన్ని తెరిచారు. అది ఇప్పటికీ ఉంది, పోయినేడు వెళ్ళి చూశాం. వీధి పేర్లు కూడా అక్కడ వాళ్ళ లిపిలో ఉంటాయి. 1905లో ఈ తెగలన్నీ మస్కోగీలో సభ పెట్టి, సీక్వోయా పేరుతో తమకో రాష్ట్రం కావాలని రాజ్యాంగం కూడా రాసుకున్నాయి. వాషింగ్టన్ పట్టించుకోలేదు. 1907 నవంబరు 16న అంతా కలిపి ఓక్లహోమా చేసేశారు.

ఇదంతా తల్చుకుని, పిల్లాణ్ణి ఆ రోజు బడి మాన్పిద్దామనే అనుకున్నాను. ఓక్లహోమా సిటీ బళ్ళు ఈ ఆటని 2014లోనే మానేశాయి, వీళ్ళకేం వచ్చింది అని కూడా.

కానీ ఇది టైపు చేస్తుంటే లాంగ్‌స్టన్ గుర్తొస్తోంది. దక్షిణాదిలో బతకలేక వచ్చిన నల్లవాళ్ళు 1890లో కట్టుకున్న ఊరు. ఆ మధ్యాహ్నం పరుగెత్తినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. సొంత చెక్క అనేది మొదటిసారి చూసినవాళ్ళు. రాష్ట్రం వచ్చాక శాసనసభ చేసిన మొట్టమొదటి చట్టం వాళ్ళని రైళ్ళలో వేరే పెట్టెల్లో కూర్చోబెట్టింది. వాళ్ళని దొంగలని ఏ నోటితో అంటాను? మా పట్టాలో ఉన్న ఆ రైతు ఎలాంటివాడో, ఎంత కరువు నుంచి వచ్చాడో. ఆ 160 ఎకరాల ముక్కలో ముక్క మీదే కదా మా ఇల్లున్నది.

మాన్పించను. వెళ్ళనీ, పరుగెత్తనీ. కానీ ఆ కాగితం మాత్రం ఊరుకోను. ఈల ఊదే ముందు పిల్లలకి 1866 నాటి మ్యాపు చూపించండి, క్రీకుల పేరు, సెమినోల్‌ల పేరు చెప్పండి, ఆ వాక్యం తీసెయ్యండి అని టీచరుకి మెయిలు రాసి పెట్టాను. చిన్నోడి క్లాసులో చోక్టా తెగ పిల్ల ఒకతె ఉంది. ఆ అమ్మాయి చేతిలో కూడా అదే కాగితం పెట్టారు. అది తల్చుకున్నాక ఇంకో రెండు వాక్యాలు గట్టిగానే కలిపాను. జవాబు రాకపోతే శుక్రవారం ప్రిన్సిపాల్ గదికే వెళ్తాను, మా ఆయన ఏమన్నా సరే.